తల తిరుగుడు ఎక్కడ పుడుతుంది?

పెన్నా కాలువల కింద వరి నాట్లు పడే రోజుల్లో, నెత్తిన నారు మోపుతో, అడుగు వెడల్పు కూడా లేని తడి గెనిమ మీద నడిచిపోయే మనిషి తన కాళ్ల వంక చూసుకోడు. గెనిమ ఒకచోట జారుతుంది, ఒకచోట మడమ దిగబడుతుంది, ఎండ్రకాయల బొరియ ఉన్నచోట మెత్తగా కుంగుతుంది. నెత్తి మీది మోపు మాత్రం కదలదు. అదే మనిషి పొద్దుగూకాక, చేతిలో బ్యాటరీ లైటు లేకుండా తిరిగి వస్తే అడుగు తడబడుతుంది. అరవై దాటి, ఏళ్ల తరబడి షుగరుతో ఉన్నవాడైతే, గెనిమ వదిలి మడిలోకి దిగి బురదలో నడవడమే నయమనుకుంటాడు. చీకటి అతని కాళ్ల బలాన్ని ఏమీ తగ్గించలేదు. తగ్గించింది చూపును. ఆ చూపు పోయేసరికి తూకం ఎందుకు తప్పిందో తెలుసుకుంటే, మనం ‘తల తిరుగుడు’ అని ఒకే పేరుతో పిలిచే అనేక జబ్బుల చిక్కుముడి సగం విడిపోతుంది.

మనిషి నిలబడడానికి మెదడు మూడు చోట్ల నుంచి కబురు తెప్పించుకుంటుంది. కళ్లు చెప్పేది ఒకటి. అరికాళ్ల చర్మం, కీళ్లు, కండరాలు, అందులోనూ మెడ కండరాలు, తాము ఏ వంపులో ఉన్నదీ, ఎంత బరువు మోస్తున్నదీ వెన్నుపాము ద్వారా పంపేది రెండోది. లోపలి చెవిలో ఉన్న చిన్న యంత్రాంగం చెప్పేది మూడోది. ఈ మూడూ మెదడు కాండంలో కలుస్తాయి. వెనక ఉన్న అనుమస్తిష్కం, అంటే చిన్న మెదడు, వాటిని ఒకదానితో ఒకటి సరిచూసి, ఏ కండరం ఎంత బిగియాలో, ఎంత సడలాలో సవరిస్తూ ఉంటుంది. కదలకుండా నిలుచున్నామని మనం అనుకునే సమయంలో కూడా శరీరం చీలమండల మీద ముందుకీ వెనక్కీ సన్నగా ఊగుతూనే ఉంటుంది, పిక్కలు ఆ ఊపును ఎప్పటికప్పుడు పట్టి నిలుపుతూనే ఉంటాయి. మూడింటిలో ఒకటి దెబ్బతింటే మిగిలిన రెండూ నెట్టుకొస్తాయి. రెండోది కూడా లేకపోయిన క్షణంలో లోటు బయటపడుతుంది. షుగరు వల్ల అరికాళ్ల స్పర్శ మొద్దుబారిన మనిషి పగలంతా బాగానే తిరిగి, పొద్దున ముఖం మీద నీళ్లు కొట్టుకుంటూ కళ్లు మూసుకోగానే ముందుకు తూలి కుళాయి పట్టుకోవడానికి కారణం ఇదే. పాదాలు దగ్గరగా పెట్టించి, కళ్లు మూయించి, తూలుతాడేమో చూసే పరీక్షకు 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు మోరిట్జ్ రోంబెర్గ్ పేరు పెట్టారు. ఖర్చు లేని ఆ పరీక్ష నేటికీ ప్రతి నరాల డాక్టరూ చేసేదే.

లోపలి చెవి సంగతి కొంచెం నిదానంగా చూడాలి. కణత ఎముక లోపల, శబ్దాన్ని పట్టే నత్త ఆకారపు భాగం పక్కనే, ఒకదానికొకటి ఇంచుమించు లంబంగా అమరిన మూడు అర్ధవర్తులాకార కుల్యలు, అంటే సగం చుట్టులా వంగిన సన్నని గొట్టాలు, ఉంటాయి. గది మూలలో రెండు గోడలూ నేలా కలిసే చోటును తలచుకుంటే ఆ అమరిక కంటికి కడుతుంది. కుల్యల నిండా ద్రవం. ఒక్కో కుల్య మొదట్లో ఉబ్బిన చోట, జిగురు వంటి పలుచని తెర ఒకటి దారికి అడ్డంగా నిలబడి ఉంటుంది; ఆ తెర అడుగున రోమకణాల కేశాలు గుచ్చుకుని ఉంటాయి. తల తిరిగినప్పుడు కుల్య తలతో పాటు కదులుతుంది, లోపలి ద్రవం మాత్రం తన జడత్వం కొద్దీ ఒక క్షణం వెనకబడుతుంది. ఆ వెనకబాటు తెరను వంచుతుంది, కేశాలు వంగుతాయి, ఎనిమిదో కపాల నాడి మీదుగా కబురు మెదడుకు చేరుతుంది.

ఆడపిల్లలు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగినప్పుడు జరిగేది చూడండి. తిరగడం మొదలైన కొన్ని సెకన్లకు ద్రవం కూడా కుల్య వేగాన్ని అందుకుంటుంది, తెర యథాస్థానానికి వచ్చేస్తుంది. ఆ తర్వాత కళ్లు మూసుకుంటే తిరుగుతున్న భావనే తగ్గిపోతుంది. చటుక్కున ఆగినప్పుడు కుల్య ఆగుతుంది కానీ ద్రవం ఆగదు. అది తెరను ఎదురు దిక్కుకు నెడుతుంది, మెదడు దాన్ని ‘ఇప్పుడు అటు తిరుగుతున్నాం’ అని చదువుకుంటుంది, పిల్ల అరుగు పట్టుకుని నవ్వుతూ కూలబడుతుంది. తల తిరుగుడు అంటే మౌలికంగా ఇంతే: జరగని కదలికను జరిగినట్టు చెవి చెప్పడం, కన్నూ కాలూ ఆ మాటను కాదనడం.

కుల్యలు చెప్పేది తిరుగుడు గురించి మాత్రమే. తల ఎటు వంగింది, బస్సు ముందుకు కదిలిందా, లిఫ్టు కిందికి దిగుతోందా అన్న సంగతులు చెప్పడానికి వాటి మొదట్లో యుట్రికిల్, సాక్యూల్ అనే రెండు సంచులున్నాయి. వాటిలో జిగురు పొర మీద కాల్షియం కార్బొనేటు స్ఫటికాలు, అంటే సున్నపురాయి జాతికి చెందిన అతి సూక్ష్మమైన రేణువులు, పరిచి ఉంటాయి. తల వంగితే రేణువులు బరువుకు ఒరుగుతాయి, కింది కేశాలను లాగుతాయి. ఈ రేణువుల గురించి మళ్లీ చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఊళ్లలో ‘పైత్యం’ ఖాతాలో పడుతున్న తల తిరుగుళ్లలో కొంత భాగం వీటి పనే.

అంతకు ముందు, చెవికీ కంటికీ ఉన్న లంకెను చేతిలో ఉన్న ఫోనుతోనే పరీక్షించవచ్చు. ఫోనును కదలకుండా పట్టుకుని, తలను ‘కాదు కాదు’ అన్నట్టు వేగంగా ఊపుతూ ఈ వాక్యం చదవండి. అక్షరాలు నిలిచే ఉంటాయి. ఇప్పుడు తలను నిలిపి, ఫోనును అదే వేగంతో ఊపండి, అక్షరాలు అలికినట్టవుతాయి. మొదటి సందర్భంలో చెవి, తల కదిలిన పది మిల్లీ సెకన్ల లోపే, కనుగుడ్లను అంతే వేగంతో ఎదురు దిక్కుకు తిప్పించింది. రెండో సందర్భంలో చూపు ఒక్కటే వెంబడించాల్సి వచ్చింది, దానికి అంత వేగం లేదు. చెవిలోని తూకపు యంత్రాంగం గురించి డాక్టరు తెలుసుకోవాలంటే చెవిలోకి కన్నా కళ్లలోకి ఎక్కువగా చూడడం అందుకే. చెవి తప్పుడు కబురు పంపితే కనుగుడ్లు ఒక పక్కకు నెమ్మదిగా జారి, చటుక్కున వెనక్కి ఎగురుతూ కొట్టుకుంటాయి. దీన్ని నిస్టాగ్మస్ అంటారు.

ఈ విషయాలు తెలిసి ఎంతో కాలం కాలేదు. 1820ల్లో ఫ్రాన్సులో ఫ్లూరాన్స్ అనే శాస్త్రవేత్త పావురాల కుల్యలను కోసి చూస్తే అవి చెవుడు రాకుండానే గింగిరాలు తిరిగాయి. అయినా వైద్యలోకం తల తిరుగుడును మెదడుకు రక్తం ఎక్కడంగానే భావించి, రక్తం తీయించే వైద్యం చేస్తూ వచ్చింది. 1861లో, పారిస్‌లో బధిరుల సంస్థకు వైద్యుడిగా ఉన్న ప్రాస్పర్ మెనియేర్, వినికిడి తగ్గడం, చెవిలో హోరు, తల తిరగడం కలిసివచ్చే రోగుల బాధకు మూలం లోపలి చెవిలో ఉందని వాదించాడు. వియన్నా వైద్యుడు రాబర్ట్ బారానీకి ఆధారం మరీ మామూలుగా దొరికింది. చెవులు కడిగించుకుంటున్న రోగి నీళ్లు చల్లగా ఉన్నాయని, తల తిరుగుతోందని అన్నాడు. వేడి నీళ్లు పోస్తే కనుగుడ్లు ఎదురు దిక్కుకు కొట్టుకున్నాయి. చల్లదనం కుల్యలోని ద్రవాన్ని బరువెక్కించి కిందికి దించుతుందనీ, వేడి తేలిక చేసి పైకి లేపుతుందనీ, ఆ ప్రవాహమే తెరను వంచుతుందనీ ఆయన గ్రహించాడు. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు దక్కిన కబురు వచ్చేసరికి ఆయన రష్యా యుద్ధఖైదీల శిబిరంలో ఉన్నాడు. తలంటు పోసుకునేటప్పుడు చన్నీళ్లు చెవిలోకి పోతే ఒక్క క్షణం ఇల్లు తిరిగినట్టనిపించడం మనకు తెలిసిన అనుభవమే. తెలియకుండా మనం చేసుకున్నది బారానీ పరీక్షే.

ఇక రేణువుల సంగతి. కందుకూరు దగ్గరి పల్లెలో ఉండే మా మేనత్త నాలుగేళ్ల కిందట ఒక తెల్లవారుజామున మంచం మీద కుడి పక్కకు ఒత్తిగిలి, మంచపు కోడు పట్టుకుని కేక వేసింది. ‘ఒరే అబ్బాయా, కుడి పక్కకి తిరిగితే ఇల్లంతా గిర్రున తిరుగుతా ఉండాది, కళ్లు తెరవలేకపోతన్నా’ అని ఫోనులో చెప్పింది. ఇంట్లో వాళ్లు పైత్యమన్నారు, నిమ్మకాయ వాసన చూపించారు, ఉసిరికాయ పెట్టారు. ఆ తర్వాత పట్నంలో ఒక ఆసుపత్రిలో మెడ ఎక్స్‌రే తీసి, ఎముకలు అరిగాయని చెప్పి, మెడకు పట్టీ వేశారు. అరవై దాటిన దాదాపు ఎవరి మెడ ఎక్స్‌రే తీసినా ఎముకల అరుగుదల కనిపిస్తుందన్న మాట ఎవరూ చెప్పలేదు. మూడు నెలలు ఆ పట్టీతో, కుడి పక్కకు తిరగకుండా, రెండు తలగడల మీద కూర్చున్నట్టే నిద్రపోయింది. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: తిరుగుడు ఎంతసేపు ఉంటోంది? అడిగితే ఆమె చెప్పేది, ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు తగ్గిపోతోందని.

యుట్రికిల్‌లోని రేణువులు కొన్ని, వయసు వల్లనో తలకు దెబ్బ తగలడం వల్లనో, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానో, ఊడి కుల్యలోకి జారతాయి. అత్యధిక సందర్భాల్లో అవి చేరేది వెనక కుల్యలోకి, అది అన్నింటికన్నా పల్లంలో ఉంటుంది గనుక. పడుకుని పక్కకు ఒత్తిగిలినప్పుడు, పైన అటక మీదికి తల ఎత్తి చూసినప్పుడు, ముగ్గు వేయడానికి వంగి లేచినప్పుడు ఆ రేణువులు కుల్యలో దొర్లి ద్రవాన్ని తమతో లాగుతాయి. తల ఆగినా అవి అడుక్కి చేరేవరకు తెర వంగే ఉంటుంది. అందుకే తిరుగుడు కొన్ని సెకన్లు ఆలస్యంగా మొదలై, నిమిషం లోపు ఆగిపోతుంది. బీపీపీవీ అని డాక్టర్లు పిలిచే ఈ జబ్బును గుర్తించే పరీక్షను డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు 1952లో వివరించారు. కూర్చున్న మనిషి తలను నలభై ఐదు డిగ్రీలు పక్కకు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టి, తల మంచం అంచు దాటి కొంచెం వేలాడేలా పట్టి, కళ్లను చూస్తారు. ఒకవైపు తిప్పినప్పుడు కనుగుడ్లు మెలికపడుతూ పైకి కొట్టుకుంటే జబ్బూ తేలుతుంది, ఏ చెవో కూడా తేలుతుంది.

చికిత్సలో మందు లేదు, కోత లేదు. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతి ప్రకారం, అదే భంగిమ నుంచి తలను ఎదురు పక్కకు తొంభై డిగ్రీలు తిప్పి, ఆ తర్వాత శరీరాన్నంతా ఆ పక్కకు ఒత్తిగిలించి, ముక్కు నేలవైపు చూసేలా ఉంచి, చివరకు లేపి కూర్చోబెడతారు. ప్రతి భంగిమలోనూ అర నిమిషమో, నిమిషమో ఆగుతారు. సొరంగంలో చిక్కిన గోలీని డొంక తిరుగుడుగా వంచుతూ బయటికి దొర్లించినట్టు, రేణువులు కుల్య వెంట తిరిగి యుట్రికిల్‌లోకి వచ్చి పడతాయి. మా మేనత్తకు ఒంగోలులో ఒక చెవి డాక్టరు ఈ పని చేయడానికి పట్టిన సమయం, చెప్పులు విడిచిన దగ్గర నుంచి తిరిగి తొడుక్కునే దాకా, పావుగంట. పట్టీ మాత్రం ఇప్పటికీ అటక మీదే ఉంది, దాచుకున్న రసీదులా. ఈ జబ్బు మళ్లీ రావచ్చు. వస్తే మళ్లీ అదే చికిత్స.

తెలుగులో ఈ బాధకు మాటల కొరత లేదు. గిర్రున తిరగడం వేరు, కళ్లు బైర్లు కమ్మడం వేరు, తూలడం వేరు, తల దిమ్మెక్కడం వేరు. మొదటిది చాలావరకు చెవి బాధ, రెండోది రక్తపోటు పడిపోయే బాధ, మూడోది కాళ్ల నరాలదో అనుమస్తిష్కానిదో, నాలుగోది నిద్రలేమి, రక్తహీనత, ఆందోళన వంటి వాటిలో దేనిదైనా కావచ్చు. ఈ విభజన చక్కగానే ఉంది, పాత వైద్య గ్రంథాలూ ఇలాగే చెప్పాయి, కానీ దాని మీదే ఆధారపడితే మోసపోతాం. 2007లో అమెరికాలో అత్యవసర విభాగాలకు వచ్చిన రోగులను తమ తల తిరుగుడు ఎలాంటిదో ఎంచమని అడిగి, కొద్ది నిమిషాల తర్వాత మళ్లీ అడిగితే, సగం మంది దాకా మాట మార్చారు. అబద్ధమాడారని కాదు, ఆ అనుభవానికి మాట కుదరడం కష్టం. ఎలా ఉంది అని అడగడం కన్నా ఎంతసేపు ఉంది, ఏం చేస్తే వచ్చింది, వెంట ఇంకేం వచ్చాయి అని అడగడం మేలని ఇప్పుడు నిపుణులు అంటున్నారు. ఈ రెండు మూడు సమాధానాలు ఇంటి నుంచే సిద్ధం చేసుకుని వెళ్లిన రోగి, స్కాను చెప్పలేని సంగతి చాలాసార్లు చెప్పేస్తాడు.

సెకన్లలో పోయేది రేణువుల తిరుగుడని చూశాం. ఇరవై నిమిషాల నుంచి పన్నెండు గంటల దాకా సాగి, ఒక చెవిలో హోరు, దిబ్బడ, హెచ్చుతగ్గులయ్యే చెవుడు వెంట తెచ్చేది మెనియేర్ జబ్బు. లోపలి ద్రవం ఎక్కువై పొరలు ఉబ్బడం ఇందులో కనిపిస్తుంది. ఉప్పు తగ్గించమని దీనికి సలహా ఇస్తారు. రోజూ ఊరగాయా ఎండుచేపా లేనిదే ముద్ద దిగని మన వైపు అది వినడానికి తేలికే గానీ పాటించడానికి కాదు. తలనొప్పి ఉన్నా లేకున్నా పార్శ్వపు నొప్పి తత్వం ఉన్న మనుషుల్లో గంటల తరబడి వచ్చే తిరుగుడు మైగ్రేన్‌దే కావచ్చు. ఒకసారి మొదలై రోజుల తరబడి ఆగకుండా, డోకులతో మంచం పట్టించేది, వినికిడి మాత్రం చెడనిది, తూకపు నాడి వాపు. ఇది వైరస్ వల్ల వస్తుందని భావిస్తున్నారు.

ఈ చివరి దానితోనే ప్రమాదం ఉంది, ఎందుకంటే అనుమస్తిష్కానికి రక్తం అందకపోయిన పక్షవాతం కూడా అచ్చం ఇలాగే ఉండగలదు, కాలూ చెయ్యీ పడిపోకుండానే. ఇక్కడ ఒక విచిత్రమైన తర్కం పనిచేస్తుంది. రోగిని డాక్టరు ముక్కు వైపే చూడమని చెప్పి, డాక్టరు అతని తలను చటుక్కున కొద్దిగా పక్కకు తిప్పుతాడు. చూపు ముక్కు మీద నిలవక జారి, ఆనక సర్దుకుంటే చెవి నాడి చెడిందన్నమాట, అది ఊరట కలిగించే సంగతి. రోగి ఆగకుండా తిరుగుడుతో బాధపడుతూ ఉండగా ఈ పరీక్షలో చూపు చక్కగా నిలిస్తే చెవి బాగానే ఉన్నట్టు. అంటే తప్పు మెదడులో ఉన్నట్టు. పరీక్ష మామూలుగా ఉండడమే ఇక్కడ చెడ్డ కబురు. దీన్నీ, మరో రెండు కంటి పరీక్షలనూ కలిపి నిపుణులు చేస్తే మొదటి రోజుల్లో ఎంఆర్ఐ కన్నా మిన్నగా పక్షవాతాన్ని పట్టగలవని 2009లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. ఇంట్లో వాళ్లు గుర్తుపెట్టుకోవలసినవి ఇంతకన్నా తేలిక: మాట ముద్దగా రావడం, వస్తువులు రెండుగా కనబడడం, ముఖం వంకరపోవడం, మింగలేకపోవడం, పట్టుకున్నా నిలబడలేకపోవడం, ఎన్నడూ లేని తీవ్రమైన తలనొప్పి. తిరుగుడుతో పాటు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా నిమ్మకాయ కోసం వెతకకుండా ఆసుపత్రికి బయల్దేరాలి.

చెవితో సంబంధం లేనివి మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. రోహిణి కార్తెలో చెమటతో ఒళ్లు ఎండిపోయిన మనిషి, బీపీ మాత్ర కూడా వేసుకుని, మంచం మీంచి చటుక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. నిలబడిన మూడు నిమిషాల లోపు పై బీపీ ఇరవై పాయింట్లు, ఆపైన పడిపోతే అది జబ్బు కిందే లెక్క. పడుకున్నప్పుడూ నిలబడ్డప్పుడూ రెండుసార్లు బీపీ చూస్తేనే అది దొరుకుతుంది. బి12 విటమిన్ లోపం వెన్నుపాము వెనక భాగాన్ని దెబ్బతీసి కాళ్ల కబురును ఆపేస్తుంది.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతానికి ప్రత్యేకమైన కారణం మరొకటుంది. భూగర్భ జలాల్లోని ఫ్లోరైడు మనుషుల ఎముకలను ఏం చేస్తుందో భారతదేశంలో మొదట వివరించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే పరిశోధకుడు, అతని సహచరులు చేసిన పరిశీలనలోనే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. ఫ్లోరోసిస్ అంటే గారపట్టిన పళ్లు, వంగని నడుము గుర్తొస్తాయి గానీ, ముదిరిన దశలో మెడ దగ్గర ఎముకలూ వాటిని కలిపే పట్టీలూ గట్టిపడి వెన్నుపామును నొక్కుతాయి, కాళ్ల నుంచి పైకి వెళ్లే కబురు తెగుతుంది. పైగా మెడ వంగదు గనుక ఆ మనిషి కింద పాదం ఎక్కడ పడుతోందో చూసుకోలేడు. మూడు ఆధారాల్లో రెండో దానికి దెబ్బ తగిలిన చోటే మొదటిది కూడా సగం మూసుకుపోతుంది. అటువంటి వారికి రేణువుల జబ్బు వచ్చినా మెడ వెనక్కి వేలాడదీయడం కుదరదు. శరీరాన్ని మొత్తంగా ఒక పక్క నుంచి మరో పక్కకు వాల్చే సెమాంట్ పద్ధతి వారికి వీలవుతుంది.

బస్సు పడకపోవడం జబ్బు కాదు, పై యంత్రాంగం సరిగ్గా పనిచేస్తోందనడానికి రుజువు. దోర్నాల దాటి శ్రీశైలం ఘాటు ఎక్కే బస్సులో ఫోను చూస్తూ కూర్చున్నవాడికి కన్ను కదలిక లేదంటుంది, చెవి ప్రతి మలుపునూ లెక్కబెడుతుంది. ఆ పేచీ పొట్టలో తేలుతుంది. డ్రైవరుకు డోకు రాదు, మలుపు ఎటో అతనికి ముందే తెలుసు. 1950ల చివర్లో అమెరికా నౌకాదళ పరిశోధకులు, ఎక్కువమంది మెదడు పొరల వాపు వల్ల వినికిడితో పాటు తూకపు యంత్రాంగం కూడా పోగొట్టుకున్న పదకొండు మంది బధిరులను ఎంచుకుని పరీక్షలు జరిపారు. ఒకసారి అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలో వారిని పడవ ఎక్కిస్తే, వారు తీరిగ్గా పేకాడుకున్నారు, పరిశోధకులే డోకులతో మూలపడ్డారు. కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు వేటకు కొత్తగా వెళ్లే కుర్రవాడికి మొదటి రోజుల్లో కడుపు తిప్పినా, అలవాటయ్యాక తిప్పదు. అతని చెవి మొద్దుబారలేదు, అలల లయను మెదడు ముందుగానే లెక్కగట్టడం నేర్చింది. సముద్రం నుంచి దిగిన కాసేపు గట్టి నేల ఊగినట్టుండడం ఆ నేర్పు వెంటనే వదలకపోవడమే.

మెదడుకున్న ఈ నేర్పు మీదే అసలు చికిత్స ఆధారపడి ఉంది. ఒక చెవి నాడి చెడినప్పుడు, మిగిలిన చెవి మాటతోనే లెక్కలు తిరగరాసుకోవడానికి మెదడుకు కొన్ని వారాలు పడుతుంది, కానీ కదిలితేనే రాసుకుంటుంది. చేయి చాచి, బొటనవేలి గోరు మీద చూపు నిలిపి, తలను అటూ ఇటూ తిప్పడం వంటి చిన్న కసరత్తులు అందుకే చేయిస్తారు. మొదట్లో అవి వికారం తెస్తాయి, తేవాలి కూడా, తప్పు తెలియకపోతే దిద్దుకోవడం ఉండదు. మందుల షాపులో నెలల తరబడి అడిగి తెచ్చుకునే తల తిరుగుడు మాత్రలు ఇక్కడే హాని చేస్తాయి. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ వంటివి మొదటి రెండు మూడు రోజుల డోకులకు మంచివే. ఆ తర్వాత కూడా వాడితే మెదడు దిద్దుబాటును ఆలస్యం చేస్తాయి. ముసలివారిలో దీర్ఘకాలం వాడితే పార్కిన్సన్ జబ్బు వంటి బిగుసుకుపోవడం, వణుకు తెస్తాయి, తూలుడు తగ్గించడానికి వేసుకున్నది తూలుడే పెంచుతుంది.

రెండు చెవులూ చెడితే దిద్దుకోవడానికి ఆసరా మిగలదు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ సూదులు వేయించుకుని తూకపు కణాలు పోగొట్టుకున్న ఒక అమెరికా వైద్యుడు 1952లో పూర్తి పేరు చెప్పకుండా, పొడి అక్షరాలతో తన అనుభవం రాశాడు: పుస్తకం చదవాలంటే మంచపు ఇనుప కడ్డీల మధ్య తల ఇరికించుకోవలసి వచ్చేది, గుండె కొట్టుకునే అదురుకే అక్షరాలు చెదిరేవి. జెంటామైసిన్ సూదులూ కొందరిలో ఇదే పని చేస్తాయి, వినికిడి బాగానే ఉండడంతో ఆలస్యంగా బయటపడుతుంది. అటువంటివారికి గిర్రున తిరగడం ఉండదు, నడిచేటప్పుడు ఎదుటి మనిషి ముఖం ఎగిరెగిరి పడుతుంది. పగలు చూపుతోనూ పాదాలతోనూ నెట్టుకొస్తారు. ఇసుకలో, చీకటిలో పడిపోతారు. చెరువులో మునిగితే పైదారి ఎటో తెలియక అడుక్కి ఈదే ప్రమాదం ఉంది కాబట్టి, ఎంత ఈత వచ్చినా వారిని ఒంటరిగా నీళ్లలోకి దిగనివ్వకూడదు.